కర్నూలా, అనంతపురమా, కడపా? నగరం విడిచి సీమకు వచ్చేవారి కోసం

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏళ్ల తరబడి గడిపి, ఇక చాలనుకుని చిన్న ఊరికి వచ్చేయాలనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంటి నుంచి పని చేసుకునే వీలున్నవాళ్లు కొందరు, పదవీ విరమణ చేసినవాళ్లు కొందరు. అందరూ ముందుగా అడిగేది అద్దెలు, మంచినీళ్లు, ఆసుపత్రుల గురించే. కొందరు మాత్రం కాస్త మొహమాటపడుతూ ఇంకో మాట అడుగుతారు: "సాయంత్రం పూట వెళ్లడానికి అక్కడేమైనా ఉంటుందా? నాటకమో, కచేరీయో, సాహిత్య సభో?"

మొహమాటపడాల్సిన పనే లేదు. నా దృష్టిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. అద్దె సగానికి సగం తగ్గిందని సంబరపడి వచ్చినవాళ్లు, సాయంత్రం ఆరు దాటాక ఏం చేయాలో తోచక మళ్లీ నగరం బాట పట్టడం చూస్తూనే ఉన్నాం. అందుకే కర్నూలు, అనంతపురం, కడపలను అద్దెలతో కాకుండా సాయంత్రాలతో పోల్చి చూద్దాం.

ముందు ఒక మాట. ఒక ఊళ్లో కళలు ఎంత సజీవంగా ఉన్నాయో కోటలూ గోపురాలూ చెప్పవు. ఏడాదికోసారి జరిగే ఉత్సవమూ చెప్పదు. ఉత్సవానికి ఎక్కడినుంచైనా వచ్చి చూసి వెళ్లవచ్చు, దానికోసం కాపురం మార్చనక్కర్లేదు. పండగా పబ్బమూ లేని ఒక బుధవారం సాయంత్రం ఆ ఊళ్లో నలుగురు ఎక్కడ కూడుతున్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో చూడాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చిన మనిషిని చప్పట్లు కొట్టడానికి మాత్రమే పిలుస్తారా, లేక ఏదో ఒక పని అప్పగించి తమలో కలుపుకుంటారా? ఈ రెండో దాంట్లోనే ఊరికీ ఊరికీ తేడా కనిపిస్తుంది.

కర్నూలు: నాటకం ఇంకా పండే ఊరు

1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 వరకు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. కార్యాలయాలకు భవనాలు చాలక గుడారాలు వేసి పాలన నడిపారు. ఉద్యోగుల కోసం ఏర్పడిన ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు ఇప్పటికీ అవే పేర్లతో ఉన్నాయి. రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయినా ఉద్యోగుల ఊరనే లక్షణం మాత్రం కర్నూలును వదల్లేదు. ఉద్యోగుల ఊళ్లలో నాటకం బాగా బతుకుతుందని నా నమ్మకం. ఐదు గంటలకు ఆఫీసు వదిలాక రిహార్సలుకు వెళ్లే తీరిక, నెలనెలా చందా ఇవ్వగల స్తోమత, బదిలీపై వచ్చినా పోయినా సంఘాన్ని నడిపే అలవాటు, మూడూ వాళ్లకుంటాయి.

సి క్యాంపు ప్రాంతంలోని టి.జి.వి. కళాక్షేత్రం ఇప్పుడు ఈ నాటకాభిమానానికి ముఖ్యమైన వేదిక. సాంఘిక నాటికల పోటీలు, పౌరాణిక పద్య నాటకాలు, నృత్య ప్రదర్శనలు అక్కడ జరుగుతుంటాయి. పద్య నాటకాన్ని నగరంలో ఏ పెద్ద హాల్లోనో దూరం నుంచి చూసినవాళ్లు కర్నూలులో ముందు వరుసకు దగ్గరగా కూర్చుని ఒకసారి చూడాలి. రాయబారం పద్యం అందుకున్న కృష్ణ పాత్రధారి చివరి పాదం పూర్తయ్యాక రాగం తీయడం మొదలుపెడతాడు. హార్మోనియం అతని వెంటే నడుస్తూ, ఊపిరి తీసుకునే చోట ముందుకు వచ్చి, మళ్లీ వెనక్కి తగ్గుతుంది. ముందు వరుసల్లోని పెద్దవాళ్లు తలలూపుతూ తొడ మీద తాళం వేస్తుంటారు. రాగం తారస్థాయికి చేరి ఆగీ ఆగగానే వెనకనుంచి "వన్స్ మోర్" అని కేక. యుద్ధానికి ముందు సంధి మాట్లాడటానికి వచ్చిన కృష్ణుడు కథను అక్కడే ఆపి, మళ్లీ అదే పద్యం అందుకుంటాడు. నటుడికీ ప్రేక్షకుడికీ ఉన్న ఈ చనువే పద్య నాటకానికి ప్రాణం. పద్యం తెలిసిన ప్రేక్షకులు ఉన్నచోటే అది నిలుస్తుంది. కర్నూలులో అలాంటి ప్రేక్షకులు ఇంకా ఉన్నారు.

ఈ ఊరికి ఉర్దూ ముఖం కూడా ఉంది. 1839 దాకా ఇక్కడ నవాబులు ఏలారు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, పాతబస్తీ వీధులు, ఉస్మానియా కళాశాల, 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం అన్నీ ఆ వరసలోవే. ఉర్దూ కవిత్వం వినే చెవి ఉన్నవాళ్లకు కర్నూలు, కడప రెండూ పనికొస్తాయి. అనంతపురంలో ఆ పాలు తక్కువ.

పండగల విషయానికొస్తే కర్నూలులో వినాయక నిమజ్జనం పెద్ద వేడుక. విగ్రహాలన్నీ కె.సి. కాలువ దగ్గరి వినాయక ఘాట్‌కు చేరతాయి. జిల్లాలోకి వెళితే కురువల గొరవయ్యలు కనిపిస్తారు. భుజాన కంబళి, తల మీద ఎలుగుబంటి తోలు టోపీ, ఒక చేత డమరుకం, ఇంకో చేత పిల్లనగ్రోవి. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం గురించి టీవీల్లో చూసే ఉంటారు. కర్రలతో తలపడే ఆ రాత్రి గాయాలు తప్పవు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు పిల్లలతో అక్కడికి వెళ్లడం మంచిది కాదని గట్టిగా చెబుతాను. మంత్రాలయంలో శ్రావణ మాసంలో జరిగే రాఘవేంద్రస్వామి ఆరాధనకు మాత్రం తప్పక వెళ్లండి. దాస సాహిత్యం పాడేవాళ్లు కర్ణాటక నుంచి కూడా వస్తారు. కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే తెలంగాణలో అలంపురం. నవబ్రహ్మ ఆలయాలను ఏ హడావుడీ లేని రోజున, పొద్దున్నే వెళ్లి చూడాలి.

కర్నూలుకు ఉన్న లోటు హైదరాబాద్ దగ్గర కావడమే. జాతీయ రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. ఇది సౌకర్యమే, నిజమే. కానీ బాగా పాడే అమ్మాయి, బాగా రాసే కుర్రవాడు పాతికేళ్లు రాకముందే అటు వెళ్లిపోతారు. సభల్లో తెల్లజుట్టే ఎక్కువగా కనిపిస్తుంది. కడపలోనూ ఇదే కథ అయినా కర్నూలులో మరీ ఎక్కువ.

కడప: చదివేవాళ్ల ఊరు

ఈ పోలికలో నేను ఎక్కువసేపు ఆగేది కడప దగ్గరే. 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాడు. తర్వాత ఇక్కడే ఒక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు, ఆఫీసాఫీసూ తిరిగి నిధులు పోగుచేసి నిలబెట్టిన సంస్థ అది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తాళపత్రాలు, తామ్ర శాసనాలు అక్కడ ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ సేకరించిన గ్రామాల కైఫీయత్తుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, కడప జిల్లాకు చెందినవి ఆ కేంద్రమే అచ్చువేసింది. మీరు అద్దెకు దిగిన ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడికి మాన్యం ఎవరిచ్చారో రెండు వందల ఏళ్ల కిందటి కరణాల మాటల్లో చదువుకోవచ్చు. నగరంలో ఇరవై ఏళ్లు ఉండి కూడా మనం ఉన్న కాలనీ చరిత్ర మనకు తెలియదు. ఇక్కడ మూడు నెలల్లో తెలుస్తుంది.

మన భాషలో ఇప్పటికి దొరికిన వాటిలో మొదటిదిగా చెప్పే కలమళ్ల శాసనం, 575 నాటి రేనాటి చోళులది, ఈ జిల్లాలోదే. ఇవన్నీ పాత సంగతులు, వాటిని చూసి ఇల్లు తీసుకోమని నేను అనను. కడపకు నేను మార్కులు వేసేది ఇటీవలి కాలాన్ని చూసే. రాచమల్లు రామచంద్రారెడ్డి, గజ్జెల మల్లారెడ్డి, కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం లాంటివాళ్లు ఈ నేల మీద నిలబడి రాశారు, వాదించుకున్నారు. రాచమల్లు విమర్శకు మొహమాటం తెలియదు. ఆ గాలి ఇంకా పూర్తిగా పోలేదు. కడపలో కథ చదివి వినిపిస్తే పొగిడి వదిలిపెట్టరు. ఎక్కడ బిగువు తప్పిందో, ఏ వాక్యం అవసరం లేదో సభలోనే చెబుతారు. సభ అయిపోయాక టీ బంక్ దగ్గర మళ్లీ మొదలవుతుంది. రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నగరంలో పుస్తకావిష్కరణ అంటే వేదిక మీద పదిమంది వరుసగా పొగడటమే. ఒక గంట నిజాయితీగా మాట్లాడే నలుగురు దొరకడం అక్కడ కష్టం.

సంగీతం వైపు చూస్తే పెద్ద దర్గా అని అందరూ పిలుచుకునే అమీన్ పీర్ దర్గాను ముందుగా చెప్పాలి. ఏటా జరిగే ఉరుసులో ఖవ్వాలీ, ముషాయిరా రాత్రి పొద్దుపోయే దాకా సాగుతాయి. సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ వచ్చి వెళ్లే దర్గా ఇదే. అలాగని పెద్దవాళ్లు వచ్చే రోజే వెళ్లాలని లేదు. ఏ గురువారమో సాయంత్రం మామూలుగా వెళ్లి కూర్చోండి. హిందువులూ ముస్లింలూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. దేవుని కడపలో దీనికి రెండో వైపు కనిపిస్తుంది. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి వేంకటేశ్వరుడు తమకు అల్లుడని వాళ్ల లెక్క. ఇది ప్రదర్శన కోసం ఎవరో పెట్టిన కార్యక్రమం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు వెళుతుంటే పిల్లలు వెంట వెళ్లగా తరతరాలుగా సాగుతున్న అలవాటు. మాఘమాసంలో రథసప్తమినాటి రథోత్సవానికీ ఊరంతా కదులుతుంది. అన్నమయ్య కీర్తించిన దేవుడు కాబట్టి సంకీర్తనలు పాడేవాళ్లకు ఆ గుడి మంటపం సహజమైన వేదిక.

కడపకు 25 కిలోమీటర్ల దూరంలో ఒంటిమిట్ట. అందరూ శ్రీరామనవమి పగలు కల్యాణం చేస్తే ఇక్కడ కోదండరాముడి కల్యాణం రాత్రి పూట, వెన్నెల్లో. ఇంకా ముందుకు వెళితే రాజంపేట దగ్గర తాళ్లపాక, అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన జయంతి, వర్ధంతి రోజుల్లో సంకీర్తన గోష్ఠులు జరుగుతాయి. పిల్లలకు పాట నేర్పించాలనుకునేవాళ్లు ఈ దారంతా ఒకసారి తిరిగి రావాలి.

1963లో మొదలైన ఆకాశవాణి కేంద్రం ఉంది. ఒకప్పుడు సీమ కళాకారులకు అదే పెద్ద ఆసరా. 2020లో ఏర్పడిన వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. చిత్రలేఖనం, శిల్పం చదువుకునే పిల్లలు ఊళ్లో ఉండటం ఎప్పుడూ మంచిదే.

లోటు? నాటకం. 1885లో కీచక వధతో సురభి నాటక సమాజం పుట్టింది ఈ జిల్లాలోని సురభి గ్రామంలోనే. కానీ ఆ కుటుంబాలు వేరే ప్రాంతాలకు తరలిపోయాయి. ఇప్పుడు నాటకం మీద మనసున్నవాళ్లు కడప కంటే కర్నూలులో సుఖపడతారు. రెండో లోటు ఎండ. పాలకొండలు, నల్లమల మధ్య పల్లంలో ఉన్న ఊరు. ఏప్రిల్ చివర్లో రాత్రి పదింటికీ గోడలు వేడిగా ఉంటాయి. ఎండాకాలంలో సభలు తగ్గిపోతాయి.

అనంతపురం: వాదనలు, బొమ్మలు, ఆటస్థలాలు

కడప, కర్నూలులతో పోలిస్తే అనంతపురం జిల్లా కేంద్రంగా కొత్తది. 1882లో బళ్లారి నుంచి విడిపోయి జిల్లా అయింది. 1916లో వచ్చిన దత్తమండల కళాశాల, ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, ఈ ఊరి మేధకు పునాది. దత్తమండలం అనే పేరు పోయి రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు ఈ కళాశాల అధ్యాపకుడే. తర్వాత ఇంజనీరింగ్ కళాశాల, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. కాబట్టి మూడు ఊళ్లలో యువత ఎక్కువగా కనిపించేది అనంతపురంలోనే. సభలో పాతికేళ్లవాళ్లు లేచి ప్రశ్న అడుగుతారు. ఒక్కోసారి పోట్లాడతారు కూడా.

ఇక్కడి సాహిత్యానికి కరువే ముడిసరుకు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న బండి నారాయణస్వామి లాంటివాళ్లు ఈ ఎండిన పొలాలనుంచే కథను తవ్వి తీశారు. కడపలో సభ కథ ఎలా రాశారని అడిగితే, అనంతపురంలో సభ ఎవరి కోసం రాశారని అడుగుతుంది. రెండూ అవసరమైన ప్రశ్నలే. మీకు ఏ ప్రశ్న ఇష్టమో దాన్నిబట్టి ఊరు ఎంచుకోవచ్చు.

లలితకళా పరిషత్తు ఊరి నడిబొడ్డున ఉన్న పాత సంస్థ. నాటికలు, సభలు, సంగీత కార్యక్రమాలకు ఆసరా. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ, కంబదూరు ప్రాంతపు రాళ్లపల్లిలో పుట్టి అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఈ జిల్లా వాళ్లే. కానీ శాస్త్రీయ సంగీతం క్రమం తప్పకుండా వినాలంటే అనంతపురం పట్టణం కాస్త నిరాశపరుస్తుంది. జానపదం దగ్గర మాత్రం దీనికి సాటి లేదు. అమ్మవారి జాతరల్లో ఉరుము అనే వాద్యం వాయిస్తూ ఆడే ఉరుముల నృత్యం, చెక్కభజన, పండరి భజన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. నార్పల మండలం గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయిస్వామి పీరును చూడటానికి కులమతాలు లేకుండా జనం వేల సంఖ్యలో చేరతారు. అగ్నిగుండం తొక్కే రాత్రి ఆ చిన్న ఊళ్లో నిలబడటానికి చోటుండదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గురించి వేరుగా చెప్పాలి. తోలుబొమ్మల కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు ఈ ఊరివారే. మేకతోలును కడిగి, వెంట్రుకలు తీసి, ఆరబెట్టి గీకుతారు. గీకిన కొద్దీ తోలు పలచబడి, వెలుతురుకు అడ్డం పెడితే అవతలి చేతివేళ్లు కనిపించేంతగా అవుతుంది. దాని మీద మొదట నల్లగీత. తర్వాత ఉలితో నగలు, చీర అంచులు పొడుస్తారు. ప్రతి చిల్లూ ఒక ముత్యం, ఎందుకంటే తెర వెనక దీపం వెలిగినప్పుడు వెలుతురు వచ్చేది ఆ చిల్లుల గుండానే. రంగు రెండు వైపులా వేయాలి. భుజం, మోచేయి, మణికట్టు విడివిడి ముక్కలుగా కోసి దారంతో ముడివేస్తే బొమ్మ చేయి కదులుతుంది. ఇప్పుడు ఆట కంటే లాంతర్లు, గోడ బొమ్మలే ఆ ఇళ్లను పోషిస్తున్నాయి. ఆడించే రాత్రులు తగ్గాయి. అనంతపురంలో స్థిరపడాలనుకునేవాళ్లు పెళ్లికో గృహప్రవేశానికో పాటకచేరీ పెట్టించే బదులు ఒక రాత్రి బొమ్మలాట పెట్టించండి. తెర కట్టడానికి ఇంటి ముందు వీధి చాలు. కళ బతకాలంటే చూసేవాళ్లతో పాటు పిలిచేవాళ్లూ కావాలి.

పిల్లలున్నవాళ్లకు ఇంకో మాట. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అందరూ ఆర్.డి.టి. అనే సంస్థ, అనంతపురంలో పెద్ద క్రీడా గ్రామాన్ని నిర్మించింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. ఊరి సంస్కృతిలో ఆటలు కూడా భాగమేనని నమ్మేవాళ్లకు ఈ మూడింటిలో అనంతపురమే మొదటిది.

చిన్న ఊళ్లు కావాలంటే

జిల్లా కేంద్రాలు కూడా వద్దనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ప్రొద్దుటూరు. దసరా పది రోజులూ వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఉత్సవాలు చూసి దాన్ని రెండో మైసూరు అంటారు. పుట్టపర్తి నారాయణాచార్యులు పాఠాలు చెప్పిన ఊరు. బంగారం వ్యాపారం ఉన్న ఊరు కాబట్టి కార్యక్రమాలకు చందాలు దొరుకుతాయి. ఇది చిన్న విషయం కాదు.

కర్ణాటక సంగీతమే ప్రాణమైతే పుట్టపర్తి. భజన, కచేరీ అక్కడ దినచర్యలో భాగం. అయితే ఊరంతా ఒకే ఆశ్రమం చుట్టూ తిరుగుతుంది, ఆ భక్తి మీకు కలిసి రావాలి. హిందూపురంలో తెలుగూ కన్నడమూ కలిసి నడుస్తాయి, లేపాక్షి 15 కిలోమీటర్లే. నంద్యాలకు మహానంది, అహోబిలం, యాగంటి దగ్గర.

ఇల్లు, నీళ్లు, ప్రయాణం

కళల కోసం వచ్చినా కాపురం చేయాలి కదా. వైద్యం విషయంలో కర్నూలు ముందుంది. 1956 నాటి వైద్య కళాశాల, దానికి అనుబంధమైన పెద్దాసుపత్రి చుట్టుపక్కల తెలంగాణ, కర్ణాటక జిల్లాలకు కూడా దిక్కు. వయసు మళ్లిన తల్లిదండ్రులను వెంట తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క కారణంతో కర్నూలు ఎంచుకున్నా నేను తప్పుపట్టను.

ప్రయాణాల్లో అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు ఒకే దూరం. 2023లో మొదలైన కాచిగూడ, యశ్వంత్‌పూర్ వందే భారత్ రైలు రెండు ఊళ్లలోనూ ఆగుతుంది. కడప ఈ దారిలో లేదు. అది ముంబై, చెన్నై మార్గం మీద ఉంది. తిరుపతి, చెన్నై దానికి దగ్గర. డిసెంబర్‌లో చెన్నై కచేరీలకు రైలెక్కి వెళ్లే రసికులకు అదే లాభం. కడపకు, కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకు విమానాశ్రయాలు ఉన్నాయి. నెలకు రెండుసార్లు బెంగళూరు ఆఫీసుకు వెళ్లక తప్పనివాళ్లు కడప మీద ఆశ పెట్టుకోవద్దు, అలసిపోతారు.

ఎండలో అనంతపురం కాస్త నయం. ఎత్తున ఉన్న ఊరు కాబట్టి రాత్రి గాలి చల్లబడుతుంది. నీళ్ల విషయంలో మాత్రం ఇల్లు చూసేటప్పుడే కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో పక్కింటివాళ్లను అడగండి, ఇంటి యజమానిని కాదు. కరువు సీమ అనుకుని వరదను మరిచిపోవద్దు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత పట్టణం మునిగింది. కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమివంక ఒడ్డున ఉన్న కాలనీలకూ ఆ బెడద ఉంది. ఎంత తక్కువకు వచ్చినా అక్కడ దిగువ అంతస్తు తీసుకోవద్దు.

ఎవరికి ఏ ఊరు

రాయడం, చదవడం, మాట్లాడుకోవడం మీ జీవితంలో పెద్ద భాగమైతే కడప. ఇందులో నాకు సందేహం లేదు. ఎర్రముక్కపల్లె నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు వెతకండి. నటించాలని, పద్యం నేర్చుకోవాలని, కనీసం తెర వెనక పని చేయాలని కోరిక ఉంటే కర్నూలు. అక్కడ ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల కూడా ఉంది, పిల్లలను చేర్పించవచ్చు. ఉద్యోగం బెంగళూరులో ఉండి, పిల్లలు ఎదిగే వయసులో ఉండి, జానపదం మీద, సమాజం మీద ఆసక్తి ఉంటే అనంతపురం. ముగ్గురిలో ఎవరూ కాకుండా కేవలం ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు ఈ మూడు ఊళ్లకూ రాకపోవడమే మేలు. ఇవి ప్రశాంతమైన ఊళ్లు కావు, మైకు సెట్ల ఊళ్లు.

నిర్ణయించుకునే ముందు మే నెలలో ఒక వారం వచ్చి ఉండండి. సంక్రాంతికి వచ్చి చూస్తే ప్రతి ఊరూ బాగానే కనిపిస్తుంది. పొద్దున్నే దినపత్రిక జిల్లా పేజీలో మూలన చిన్న అక్షరాల్లో వచ్చే నేటి కార్యక్రమాలు చదవండి. వారం రోజులవి కత్తిరించి పక్కన పెట్టుకుంటే ఊరి సంగతి తెలిసిపోతుంది. ఎన్నింటికి మంత్రి ముఖ్య అతిథి, ఎన్నింటికి మాస్టారు ముఖ్య అతిథి అని లెక్కపెట్టండి. రెండో రకం ఎక్కువుంటే ఆ ఊరు మంచిది. జిల్లా గ్రంథాలయానికి వెళ్లి కాసేపు కూర్చోండి. షామియానా, మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణంలో కూడా అడగండి. ఏ సంఘం నిజంగా కార్యక్రమాలు చేస్తుందో, ఏది లెటర్‌హెడ్ మీద మాత్రమే ఉందో వాళ్ల కంటే బాగా ఎవరికీ తెలియదు.

ఇల్లు తీసుకున్నాక మొదటి సభలోనే ఉపన్యాసం ఇవ్వడానికి తొందరపడకండి. నగరం నుంచి వచ్చి సలహాలు చెప్పేవాళ్లను ఈ ఊళ్లు చాలామందిని చూశాయి. ఆహ్వాన పత్రాలు పంచుతామనండి, కార్యక్రమాన్ని ఫోనులో రికార్డు చేసి పెడతామనండి, పాత పత్రికల సంచికలను స్కాన్ చేసి ఇస్తామనండి. ఈ మూడో పనికి మూడు ఊళ్లలోనూ మనుషులు కావాలి. సీమ చిన్న పత్రికలు ఎన్నో ఇళ్ల అటకల మీద చెదలు పడుతున్నాయి, వాటిని దాచినవాళ్లకు ఇప్పుడు చేతకాదు, వాళ్ల పిల్లలు విదేశాల్లో ఉన్నారు. కంప్యూటర్ తెలిసిన మనిషి వారానికి ఒక పూట కేటాయిస్తే చాలు.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాసుకోండి. ఒక ఎండాకాలం, ఒక దసరా ఆ ఊళ్లో గడిచేదాకా నగరంలో ఇల్లు అమ్మవద్దు.